బ్రేకుల్లేని ఊరేగింపు

తెల్లచొక్కా మీద ఆయిల్ మరకతో, మెరూన్ రంగు పాత కారు పక్కన తల వంచుకుని నిలబడ్డ ముసలాయన ఫొటో ఒకటి ఆ మధ్య పేపర్లో వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. కింద ‘మెకానిక్ అజాగ్రత్తే కారణం’ అని రాశారు. ఆ ముసలాయన నేనే. తల వంచుకున్నది సిగ్గుతో కాదు, బ్రేకు ఆయిల్ ఏ చక్రం దగ్గర కారుతోందో చూడ్డానికి. ఫొటో తీసినవాడికి ఆ తేడా తెలియదు. కింద రాసినవాడికి అక్కర్లేదు.

అప్పటినుంచీ డిపోల్లోనూ ఆటోనగర్ షెడ్లలోనూ కొత్తగా పని నేర్చుకుంటున్నవాళ్ళు ఎక్కడ కనిపించినా నన్ను ఆపి, “అంత సర్వీసు చేసినవాళ్ళు, మీ చేతిలో అలా ఎలా అయిందండీ?” అని అడుగుతున్నారు. గౌరవంగానే అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను బస్సు డిపోలో బ్రేకుల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఈ సెక్షన్‌కి రావాలని ఎవరూ కోరుకోరు. ఇంజను బాగుచేసినవాడికి పేరొస్తుంది. బండి ఆగాల్సినచోట ఆగితే డ్రైవరు మొనగాడంటారు, ఆగకపోతే మా సెక్షన్‌కి ఫోనొస్తుంది. ఈ అన్యాయానికి అలవాటు పడ్డాకే నాకు పని మీద ప్రేమ పుట్టింది.

ఈ కథలో రెండో మనిషి మా డిపోకి చాలాకాలం మేనేజరుగా చేసినాయన. ఆయనా రిటైరయ్యారు గానీ, రిటైర్మెంటు ఆయన ఒంటికి పడలేదు. జీపు పోయింది, గేటు దగ్గర సెల్యూట్ పోయింది. పోరంకిలో ఇల్లు కట్టుకుని పొద్దున్నే వాకింగుకి వెళితే “అంకుల్, కాస్త పక్కకి జరుగుతారా” అంటున్నారట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి, ఎవరో చెంప మీద కొట్టినట్టు ఉంది. ఇక జనం తనను చూసి పక్కకి జరగాలంటే ఏం చెయ్యాలా అని ఆలోచించి, ఒక పాత ఇంగ్లీషు కారు కొన్నారు.

“ఏవయ్యా, ఖాళీయేనా? మా ఇంటికి ఇంగ్లీషు దొరసాని వచ్చింది. వచ్చి నాడి చూడు,” అని ఫోన్ చేశారు.

ఇబ్రహీంపట్నం నుంచి పోరంకికి బస్సులు మారి వెళ్ళాను. బందరు వైపు ఏదో పాత బంగళా వెనక పశువుల కొట్టంలో పడి ఉన్న కారది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఓడలో దిగిందట. గుండ్రటి వీపు, కప్ప కళ్ళలాంటి లైట్లు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా పొదిగాయి. మేనేజరు గారు దాని చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నారు, డిపోలో తనిఖీకి తిరిగినట్టు.

“షెడ్డుకి పంపొద్దు. మనింట్లోనే, మన చేతుల్తోనే బాగుచేద్దాం. ఏమంటావ్?”

నాకు సరదాగానే అనిపించింది. అబద్ధం ఎందుకు, ఇంట్లో కూర్చుని మా ఆవిడకి అడ్డం పడుతున్న రోజులవి.

‘మన చేతుల్తో’ అంటే ఏమిటో త్వరలోనే అర్థమైంది. చేతులు నావి, మాటలు ఆయనవి. నేను చక్రాలు విప్పుదామనుకుంటుంటే ఆయన రంగులవాణ్ణి పిలిపించారు. నేను ఇంజను ఆయిల్ మార్చేలోపల హనుమాన్ జంక్షన్ నుంచి సీట్లు కుట్టేవాళ్ళు దిగారు. తోలు సీట్లు, వాటి అంచుకి తెల్లదారం. బంపర్లకి మెరుపు పూత. పాత హారన్ గొంతు బాగాలేదని ఇంకో హారన్. కదలని కారుకి రెండు హారన్లు. నేను “ముందు కిందపని చూద్దామండీ” అన్నప్పుడల్లా “కిందకి వంగి ఎవడు చూస్తాడయ్యా” అనేవారు. ఆయన చెప్పింది నిజమే. ఊరేగింపులో ఎవడూ కిందకి వంగి చూడడు.

ఆ కార్ల బ్యాటరీ సంగతి మీకు చెప్పాలి. మన బండ్లన్నిటిలో బ్యాటరీ మైనస్ వైరు బాడీకి కలుపుతాం. ఆ రోజుల ఇంగ్లీషు కార్లు చాలావాటిలో ప్లస్ వైరు కలిపేవారు. మొదటిరోజే ఆ సంగతి చెప్పి, కలిపేచోట ఎర్ర టేపు కూడా చుట్టాను. ఓ రోజు నేను టీ తాగి వచ్చేసరికి మేనేజరు గారు టేపు పీకేసి, తనకి తెలిసిన పద్ధతిలో వైర్లు బిగించేశారు. బానెట్ కింద నుంచి పొగ లేచింది. నేను పరిగెత్తి వైరు లాగేశాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, “చూశావా, తెల్లవాడికి అన్నీ తలకిందులే!” అన్నారు. తెల్లవాడు పాపం ఎప్పుడో చచ్చిపోయాడు. తిరిగి ఏమీ అనలేడు. వైరింగ్ మొత్తం మళ్ళీ లాగేసరికి నా వేళ్ళ చర్మం లేచిపోయింది.

తర్వాత ఇంకో రోగం పట్టుకుంది. కారు బ్రహ్మాండంగా స్టార్టయ్యేది, వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మేనేజరు గారు ఫోన్లో పాత కార్ల గ్రూపులో చేరి ఉన్నారు. రోజుకొక పండితుడు రోజుకొక మాట చెప్పేవాడు. కాయిల్ మార్చమని ఒకడు, మార్చాం. కార్బురేటర్ విప్పి కడగమని ఒకడు, కడిగాం. ఇంజనుకి తడిగుడ్డ చుట్టమని ఒకడు. అదీ చేశారు, మా మేడం గారి వంటింటి తువ్వాలుతో.

మేడం గారంటే మేనేజరు గారి భార్య. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తువ్వాలు వెతుక్కుంటూ బయటికి వచ్చి, దాన్ని ఇంజను మీద చూసి, మా ఇద్దరి మొహాలూ చూశారు.

“ఆగిపోతోంది అంటున్నారు కదా, అసలు పెట్రోలు అందుతోందా లేదా చూశారా?”

“గ్రూపులో అన్నీ చూస్తున్నాంలే,” అన్నారు ఆయన.

“గ్రూపులో కాదండీ, గొట్టంలో.”

ఆవిడే స్టీలు గ్లాసు తెచ్చారు. నేను గొట్టం విప్పి అందులోకి వదిలాను. పెట్రోలు అడుగున నల్లటి నలుసులు. ఆవిడ గ్లాసు వెలుతురులో తిప్పి చూసి, “ఇందులో మిరియాలు ఎవరు వేశారు?” అన్నారు.

అవి మిరియాలు కావు, గొట్టం లోపలి రబ్బరు. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ కాలపు రబ్బర్ని తినేస్తుంది. ఆ ముక్కలు వెళ్ళి జల్లెడకి అడ్డం పడేవి, ఇంజను ఆగగానే కిందికి జారిపోయేవి. అదీ రోగం. గొట్టం మార్చాను, కారు పరిగెత్తింది. సాయంత్రానికి మేనేజరు గారు ‘సుదీర్ఘ పరిశీలన తర్వాత నేను కనిపెట్టింది’ అని గ్రూపులో పెట్టారు. బొటనవేళ్ళు వర్షంలా కురిశాయి.

నా మనసు మాత్రం అక్కణ్ణుంచి చక్రాల మీదకి పోయింది. పెట్రోలు గొట్టం అంత పుచ్చిందంటే, ముందు చక్రాల దగ్గర బ్రేకు ఆయిల్ మోసే రబ్బరు గొట్టాల గతి ఏమిటి? అవీ ఆ వయసువే. చక్రం విప్పి, గొట్టాన్ని వేళ్ళతో వంచి చూశాను. పగుళ్ళు. బొబ్బలా ఉబ్బినచోటు ఒకటి. ఆ కార్లలో నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిల్ దారి. ఎక్కడ ఒక్కచోట తెగినా నాలుగూ పోతాయి.

మేనేజరు గారిని పిలిచి చూపించాను. “కొత్తవి తెప్పించాలి. వచ్చేదాకా బండి కదపొద్దండీ.”

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఎక్కడో వెతకాలి. నెల పట్టొచ్చు.”

“వచ్చే ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉందయ్యా! పేరిచ్చేశాను. మంత్రిగారు వస్తున్నారు.”

“మంత్రిగారు వచ్చినా గొట్టం కొత్తది కాదు కదండీ.”

“ఊరేగింపంటే నడక స్పీడు. దానికి బ్రేకులెందుకు? కాలు కింద పెట్టినా ఆగుతుంది.”

ఇదే మనిషి ఇంకోలా మాట్లాడగా నేను విన్నాను. ఒకసారి డిపోలో ఓ డ్రైవరు పెడల్ మెత్తగా ఉందని బస్సు తియ్యనన్నాడు. సూపర్‌వైజరు అతని మీద కేకలేస్తుంటే మేనేజరు గారు ఆఫీసులోంచి దిగి వచ్చారు. డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, అందరినీ నిలబెట్టి, “బ్రేకు మీద అనుమానం ఉన్న బండి ఈ గేటు దాటడానికి వీల్లేదు. ఎవడైనా దాటించమంటే నా పేరు చెప్పండి,” అన్నారు. ఆ రోజు నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను.

అదే గుర్తు చేశాను. “ఆ మాట మీదేనండీ. ఇప్పుడు మీ పేరు ఎవరికి చెప్పమంటారు?”

ఆయన మొహం ఎర్రబడింది. “అది డిపో. ఇది నా ఇల్లు, నా కారు. నువ్వు నా స్టాఫువి కూడా కావు ఇప్పుడు. ఇష్టమైతే రా, లేకపోతే మానెయ్.”

మీతో ఒక మాట చెప్పాలి. తెలియనివాడు తప్పు చేస్తే నేను ఎప్పుడూ వెక్కిరించలేదు, నేర్పాను. తెలిసినవాడు, నోటితో పదిమందికి చెప్పినవాడు, స్టేజీ మీద కప్పే ఒక శాలువా కోసం ఆ తెలివిని గట్టున పెడితే వాణ్ణి వెక్కిరించడం తప్ప నాకు ఇంకేమీ చేతకాదు.

సంచీ సర్దుకుంటుంటే మేడం గారు వంటింటి గుమ్మంలోంచి పిలిచారు. అంతా విన్నట్టున్నారు.

“నిజంగా అంత ప్రమాదమా?”

“ఎప్పుడు తెగుతుందో చెప్పలేనండీ. తెగకపోవచ్చు కూడా.”

“అయితే నేనూ ఎక్కుతాను ఆదివారం.”

“మీరెందుకండీ!”

“పక్కన నేను కూర్చుంటేనన్నా ఆయన ఆలోచిస్తాడేమో చూద్దాం.”

ఆయన ఆలోచించలేదు. భార్య పట్టుచీర కట్టుకుని పక్కన కూర్చుంటుందంటే ఫొటోలు బాగా వస్తాయని సంతోషించారు.

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది. చేతి బ్రేకు ఆయిల్‌తో పనిచెయ్యదు, తీగతో వెనక చక్రాలని పట్టుకుంటుంది. ఆ తీగ బిగించి, వెనక చక్రాలని ఒరుసుకుని ఆపే లైనింగులు సరిచేసి, రెండు సీట్ల మధ్య ఉన్న ఆ పిడి మేడం గారికి చూపించాను. “అవసరమైతే ఇది లాగండి. ఒక్కసారిగా కాదు. చక్రాలు బిగుసుకుపోతే బండి అడ్డం తిరుగుతుంది. కొంచెం, ఇంకొంచెం, అలా.” ఆవిడ అక్కడే కూర్చుని రెండు చేతులతో లాగి చూసుకున్నారు. మేనేజరు గారు వరండాలో ఏ టోపీ పెట్టుకోవాలా అని అద్దంలో చూసుకుంటున్నారు.

ఆదివారం ఆరాధన మానేసి వెళుతుంటే మా ఆవిడ “ఆయన పొమ్మన్నాడు కదా, మళ్ళీ ఎందుకు?” అంది. బ్రేకుల్లేని బండి ఎక్కడానికి బ్రేకులవాడు చర్చి మానేసి వెళ్ళడమేమిటి? కానీ మేడం గారిని ఒక్కరినీ ఆ సీటులో వదిలి ఇంట్లో కూర్చోలేకపోయాను. వెనక సీటులో, తెల్లదారం కుట్టిన తోలు మీద కూర్చున్నాను.

ఊరేగింపు వన్ టౌన్‌లో మొదలై, కొండ పక్క ఫ్లైఓవర్ ఎక్కి అవతల దిగాలి. దిగేచోట స్టేజీ. మా ముందు పాత కార్ల క్లబ్బు కార్యదర్శి గారి టాపు లేని కారు. వన్ టౌన్‌లో పెద్ద స్టీలు సామాన్ల వ్యాపారి ఆయన. వెనక సీటులో మనవలు నిలబడి అందరికీ చేతులూపుతున్నారు.

ఇరుకు సందుల్లో తోపుడు బళ్ళ మధ్య బ్రేకు బాగానే పడింది. మేనేజరు గారు అద్దంలో నన్ను చూసి కనుబొమలెగరేశారు. ఫ్లైఓవర్ పైకి వెళ్ళాక ఒకసారి తొక్కినప్పుడు పెడల్ చప్పుడు మారింది.

“మెత్తగా తగిలిందాండీ?” అన్నాను.

“నీకు చెవుల్లో కూడా బ్రేకులే.”

దిగుడు మొదలైంది. ఇంజను వేడెక్కుతోంది, కాస్త విశ్రాంతి ఇద్దామని ఆయన గేరు తీసేసి న్యూట్రల్ చేశారు, దాంతో బండి మీద ఇంజను పట్టు కూడా పోయింది. బస్సు డ్రైవరు అలా చేస్తే ఆయనే మెమో ఇచ్చేవారు. “గేరులో ఉంచండీ!” అని నేను అరుస్తుండగానే ముందు కార్యదర్శి గారి కారు ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. వెనక పిల్లలు ఇంకా చేతులూపుతూనే ఉన్నారు.

మేనేజరు గారు బ్రేకు తొక్కారు. పెడల్ నేలకి తగిలిన చప్పుడు నాకు వెనక సీటుకి వినపడింది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ. తర్వాత ఆ మనిషి చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. హారన్ కొట్టారు. కొత్తదీ, పాతదీ, రెండూ.

మేడం గారు రెండు చేతులతో పిడి పట్టుకున్నారు. కొంచెం లాగారు, వెనక చక్రాలు కీచుమన్నాయి. ఇంకొంచెం. బండి నెమ్మదించింది గానీ ఆగడం లేదు. పిల్లల మొహాలు పెద్దవవుతున్నాయి. “గోడకి ఆనించండి!” అని నేను సీటు మీదుగా వంగి అరిచాను. ఆయన బిగుసుకుపోయి ఉన్నారు. “తిప్పండి! ఎడమకి తిప్పండి!” అని ఆవిడ క్లాసులో కేకేసినట్టు కేకేశారు. ఆ గొంతుకి తిప్పారు. ఫ్లైఓవర్ గోడ వెంట మెరూన్ రంగంతా చెక్కుకుపోతూ, తలుపు పిడి ఊడి ఎగిరిపడుతూ, బండి రాసుకుంటూ వెళ్ళి ఆగింది. ముందు కారు బంపరుకీ మాకూ మధ్య మనిషి నిలబడేంత జాగా ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. మేడం గారి అరచేతులు మాత్రం గీసుకుపోయాయి.

కింద నుంచి చప్పట్లు వినిపించాయి. ఇదంతా ప్రదర్శనలో భాగమనుకున్నారు జనం.

నేను దిగి, వంగి ముందు చక్రం చూశాను. ఉబ్బినచోటే తెగింది. అప్పుడే ఫొటో తీశారు. పక్కనే ఎవరో మేనేజరు గారి నోటి దగ్గర మైకు పెట్టారు. ఆయన టోపీ సరిచేసుకున్నారు.

“పాత కార్లంటే ఇలాంటివి ఉంటాయి. నేను దగ్గరుండి నడిపాను కాబట్టి అదుపు చెయ్యగలిగాను. బ్రేకుల పని మా మెకానిక్‌కి వదిలాను. ఆయనకి వయసైపోయింది, కొంచెం అజాగ్రత్త. ఏం చేస్తాం, మన వాళ్ళు కదా.”

‘మన వాళ్ళు కదా’ అట! నేను నిలబడి ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన చూపు నా భుజం మీదుగా స్టేజీ వైపు పోయింది. అక్కడ శాలువా సిద్ధంగా ఉంది. కప్పించుకున్నారు కూడా.

నేను ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్ళిపోయాను. మర్నాడు పేపరు వచ్చింది. మా ఆవిడ చదివి, మడిచి, దిండు కింద పెట్టింది, నేను చూడకుండా. ఎదురింటాయన ఇంకో పేపరు తెచ్చి ఇచ్చాడు. తర్వాతి ఆదివారం చర్చిలో పాస్టరు గారు ‘కష్టంలో ఉన్న మన సహోదరుడి కోసం’ ప్రార్థన చేశారు. నా పేరు చెప్పలేదు గానీ అందరూ నా వైపే తిరిగారు. బ్రేకుల సెక్షన్లో నా చేతి కింద ఏ బస్సు బ్రేకూ తప్పలేదు. నేను కదపొద్దని మొత్తుకున్న కారు తప్పుకి నా పేరు పెట్టారు.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. మేడం గారు దిగారు. అరచేతులు మానాయి. సంచీలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే కొత్త బ్రేకు గొట్టాలు, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులు. ఆవిడే వెతికి తెప్పించారట.

“క్షమించమని అడగడానికి రాలేదు. అది అడగాల్సింది ఆయన. ఆయన అడగడు,” అన్నారు.

“తెలుసండీ.”

“గోడకి గీసుకున్న వైపు మళ్ళీ రంగు వేయించాడు. ఇంకో ఊరేగింపుందట. కారు ఎలాగూ తీస్తాడు. మీ పేరు బాగుపడ్డానికి కాదు, ఆయన మీద జాలితో కూడా కాదు. రోడ్డు మీద ఎవరి పిల్లలో ఉంటారు.”

మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ నా మొహం చూస్తూ కూర్చున్నారు. నేను పనిముట్ల సంచీ తీశాను.

పోరంకిలో మేనేజరు గారు నన్ను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను గొట్టాలు మార్చాను, కప్పులు మార్చాను, కొత్త ఆయిల్ పోశాను. అంతా అయ్యాక ఒక పని మిగిలింది. ఆయిల్ దారిలో ఇరుక్కున్న గాలి తియ్యాలి. అది ఒక్కడివల్ల అయ్యేది కాదు. ఒకడు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకోడు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి బుడగలు పోనిచ్చి బిగించాలి. మేడం గారు వరండాలో నిలబడి, “ఏవండీ, మిమ్మల్నే పిలుస్తున్నారు,” అన్నారు. నేను పిలవలేదు.

ఆయన వచ్చి డ్రైవరు సీటులో కూర్చున్నారు. నేను చక్రం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన మొహం నాకు కనపడదు, నా మొహం ఆయనకి కనపడదు.

“తొక్కండి,” అన్నాను.

తొక్కారు.

“పట్టుకోండి.”

పట్టుకున్నారు. నట్టు వదిలాను. బుడగలు బుసబుసా వచ్చాయి. బిగించాను.

“వదలండి. మళ్ళీ తొక్కండి.”

ఆయనకి ఆజ్ఞలివ్వడం నా సర్వీసు మొత్తంలో అదే మొదలు. ఒక్కొక్క చక్రమూ అయింది. ఎండ నెత్తికెక్కింది. పైన ఆయన కాలు అలసిపోవడం, ఆ రొప్పు, నాకు వినపడుతూనే ఉన్నాయి. ఒక్కమాట ఆయన నోటినుంచి వస్తుందేమోనని నేను చెవి ఒగ్గాను. అది రాలేదు.

చివరి చక్రం దగ్గర చాలాసేపటికి ఆయనే అడిగారు. “ఇంకా ఉందా గాలి?”

నా చేతిలోని సీసాలోకి ఒక్క బుడగ కూడా లేకుండా స్వచ్ఛంగా, తేనెలా, ఆయిల్ దిగి అప్పటికే చాలాసేపైంది.

“చాలా ఉందండీ,” అన్నాను. “తొక్కండి.”